హోటాస్ కొనే ముందు ఆ ట్విస్ట్ లోపల ఏముందో అడగండి

పోయిన నెల మా చిన్నాన్న కొడుకు గుంటూరు నుంచి వాట్సాప్‌లో ఒక లింక్ పంపాడు. "అన్నా, ఇది ఎలా ఉంది? ఇంటర్న్‌షిప్ డబ్బులు పడ్డాయి. ఎలైట్ డేంజరస్ మొదలుపెడదామని" అన్నాడు. తెరిచి చూస్తే ఒక హోటాస్ సెట్. మెరిసే లైట్లు, లెక్కపెట్టలేనన్ని బటన్లు, అచ్చం యుద్ధ విమానంలోంచి పీకి తెచ్చినట్టుంది. కింద నాలుగున్నర స్టార్లు. "బాగుంది, కొనుక్కో" అని ఒక ముక్క రాస్తే అయిపోయేది. రాయలేకపోయా. అలాంటిదే ఒకటి నా టేబుల్ కింద అట్టపెట్టెలో పడి ఉంది మరి.

హోటాస్ అంటే తెలియని వాళ్లకి ఒక్క మాట. కుడి చేతికి జాయ్‌స్టిక్, ఎడమ చేతికి వేగం పెంచే థ్రాటిల్. చేతులు వాటి మీద నుంచి తీయకుండానే అన్ని పనులూ జరిగిపోవాలన్నది ఐడియా. యుద్ధ విమానాల కోసం పుట్టిన పద్ధతి ఇది. ఆ తర్వాత ఫ్లైట్ సిమ్యులేటర్లకీ, స్పేస్ గేములకీ వచ్చింది. 2014 డిసెంబర్‌లో ఎలైట్ డేంజరస్ వచ్చాక, ఇప్పటికీ ఆల్ఫా దశ దాటని స్టార్ సిటిజన్ వల్లా, 2020లో స్టార్ వార్స్ స్క్వాడ్రన్స్ వల్లా మన వాళ్లలో కూడా చాలామందికి దీని మీద మనసు పడింది. నాకూ పడింది.

నా కథ చిన్నదే. ఉద్యోగంలో చేరాక వచ్చిన మొదటి బోనస్‌లోంచి 22 వేలు పెట్టి ఒక సెట్ కొన్నా. బ్రాండ్ పేరు చెప్పను, దాని అవసరం లేదు. మొదటి ఆరు నెలలు స్వర్గం. ఆఫీసు నుంచి వచ్చి, అన్నం తిని, రాత్రి పదకొండు దాకా సరుకు రవాణా చేసుకుంటూ తిరిగేవాణ్ని. ఎనిమిదో నెలలో ఓడ ముక్కు దానంతటదే ఎడమ వైపుకి జారడం మొదలైంది. కొంచెమే. పట్టించుకోలేదు. గేమ్ సెట్టింగ్స్‌లో డెడ్ జోన్ 5 శాతం పెట్టా. నెల తిరిగేసరికి 10. ఆ తర్వాత 15.

డెడ్ జోన్ అంటే స్టిక్ మధ్యలో ఉన్న ఇంత దూరం కదలికని లెక్కలోకి తీసుకోవద్దని గేమ్‌కి చెప్పడం. అది నొప్పి మాత్ర లాంటిది, రోగం అలాగే ఉంటుంది. పైగా మనం సూక్ష్మంగా చెయ్యాల్సిన కదలికలన్నీ ఉండేది సరిగ్గా ఆ మధ్యభాగంలోనే. 15 శాతం అక్కడ చచ్చిపోయాక గురి పెట్టడం అనేదే ఉండదు. ముందు ఏమీ కదలదు, తర్వాత ఒక్కసారిగా దూకుతుంది.

ఎలైట్ ఆడిన వాళ్లకి తెలుసు, కోరియోలిస్ స్టేషన్ లోపలికి వెళ్లాలంటే పోస్టుడబ్బా నోరు లాంటి ఒక సందులోంచి దూరాలి. స్టేషన్ గిర్రున తిరుగుతుంటుంది కాబట్టి ఆ సందూ తిరుగుతూనే ఉంటుంది. దాంతో పాటు మనమూ రోల్ అవుతూ పోవాలి. నేను నడిపేది టైప్-9, ఏనుగు లాంటి ఓడ, సందులో అటూ ఇటూ పెద్దగా ఖాళీ మిగలదు. ఒక శనివారం రాత్రి కడుపు నిండా సరుకుతో లోపలికి వెళ్తుంటే ముక్కు ఒక్కసారి పక్కకి కొట్టుకుంది. నేను స్టిక్ తిప్పలేదు. అంచుకి గీసుకుని, ఇరుక్కుని, ఓడ పేలిపోయింది. సరుకు మొత్తం పోయింది. ఓడ మళ్లీ తెచ్చుకోవడానికి దాని విలువలో 5 శాతం కట్టుకున్నా. గేమ్ డబ్బులే కదా అంటారేమో. రెండు వారాల సాయంత్రాలు అవి.

మనం ఇంజనీర్లం కదా, కోపం వస్తే ముందు లాగ్ చూస్తాం. పైథాన్‌లో పైగేమ్ లైబ్రరీతో ఒక చిన్న స్క్రిప్ట్ రాసి, స్టిక్‌ని ముట్టుకోకుండా పది నిమిషాల పాటు ప్రతి యాక్సిస్ విలువనీ ఫైల్లోకి రాయించా. అటూ ఇటూ, ముందుకీ వెనక్కీ కదిలే యాక్సిస్‌లు రెండూ సున్నా దగ్గర బుద్ధిగా కూర్చున్నాయి. ట్విస్ట్ యాక్సిస్, అంటే స్టిక్‌ని మెలితిప్పితే ముక్కు పక్కకి తిరిగేది, సున్నా దగ్గర ఉండాల్సింది 0.04కీ 0.17కీ మధ్య గంతులేస్తోంది.

వారంటీ అడిగితే, అమ్మినాయన అది బయట నుంచి తెప్పించిన సరుకు, ఇక్కడ వారంటీ రాదు అన్నాడు. సరేనని ఈసీఈ చదివిన మా రూమ్మేట్‌ని తీసుకుని కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లా. స్టిక్ విప్పి తీసిన ముక్కని కౌంటర్ మీద పెడితే, కొట్టాయన అద్దాలు పైకి జరిపి చూసి, "ఇది వాల్యూమ్ కంట్రోలే బాబూ. తిప్పుతుంటే అరుగుతది" అన్నాడు.

ఏ రివ్యూలోనూ నాకు దొరకని మాట అది.

ఆ ముక్క పేరు పొటెన్షియోమీటర్. లోపల కార్బన్ పూసిన ఒక పట్టీ, దాని మీద జారే చిన్న లోహపు కాలు. ఆ కాలు ఎక్కడుందో దాన్ని బట్టి వోల్టేజ్ మారుతుంది, కంప్యూటర్ దాన్నే మన కదలికగా చదువుకుంటుంది. మన ఇళ్లల్లో పాత టేప్ రికార్డర్ సౌండ్ పెంచుతుంటే కరకరమనేది గుర్తుందా? అక్కడ అరిగిన పట్టీ, దుమ్ము. ఇక్కడా అంతే, కాకపోతే చెవికి వినిపించే బదులు ఓడ ముక్కు వణుకుతుంది. గేమ్‌ప్యాడ్లలో అందరూ తిట్టుకునే స్టిక్ డ్రిఫ్ట్‌కి కూడా మామూలుగా ఇదే కారణం.

రెండో రకం హాల్ ఎఫెక్ట్ సెన్సర్. 1879లో ఎడ్విన్ హాల్ కనిపెట్టిన సూత్రం, చదువుకునే రోజుల్లో మార్కుల కోసం బట్టీ పట్టి వదిలేసిందే. కదిలే భాగానికి ఒక అయస్కాంతం, దానికి కొంచెం దూరంలో ఒక చిప్. అయస్కాంత క్షేత్రం మారితే చిప్ కొలుస్తుంది. రెండూ ఒకదాన్నొకటి తాకవు. తాకనిది అరగదు. అలాగని స్టిక్ మొత్తం చిరంజీవి అయిపోదు. స్ప్రింగులు, గింబల్, బటన్లు, కేబుల్ మామూలుగానే పాతబడతాయి. కానీ ముందుగా చచ్చే భాగం ఒకటి తగ్గినట్టే.

ఇక్కడే అసలు మెలిక. పెట్టె మీద "హాల్ ఎఫెక్ట్" అని పెద్ద అక్షరాలు ఉన్నంత మాత్రాన అన్ని యాక్సిస్‌లకీ అదే ఉందని కాదు. తక్కువ బడ్జెట్‌లో బాగా పేరున్న థ్రస్ట్‌మాస్టర్ టీ.16000ఎం నే తీసుకోండి. ప్రధానమైన రెండు యాక్సిస్‌లకి హాల్ సెన్సర్లు, ఆ ధరకి చాలా మంచి విషయం. ట్విస్ట్‌కి మాత్రం పొటెన్షియోమీటరే. ఎడమ చేతివాటం వాళ్లకి కూడా మార్చుకుని వాడే వీలున్న స్టిక్ అది, ఆ గుణాన్ని నేను కాదనను. అదే కంపెనీ 2010లో తెచ్చిన వార్‌థాగ్, ఏ-10సీ విమానం స్టిక్‌కి నకలు, లోహంతో చేసింది, పట్టుకుంటే పట్టుకున్నట్టుంటుంది. కానీ దానికి అసలు ట్విస్టే లేదు. విమానంలో ఆ పని కాళ్ల దగ్గరి పెడల్స్ చేస్తాయి కాబట్టి. స్పేస్ గేమ్ కోసం అంత డబ్బు పోసి ఇంటికి తెచ్చుకున్నాక, ముక్కు పక్కకి తిప్పేదెలా అని వెతుక్కోవాలి. వీకేబీ గ్లాడియేటర్ ఎన్‌ఎక్స్‌టీ లాంటి వాటిలో ట్విస్ట్‌కి కూడా తాకని సెన్సరే ఉంటుంది, స్ప్రింగులు మార్చుకోవచ్చు, బిగువు సర్దుకోవచ్చు. చూడ్డానికి పెద్ద ఆర్భాటంగా ఉండదు. ఫోటోలు పక్కపక్కన పెడితే నా 22 వేల సెట్టే గెలుస్తుంది. పైన పటారం, లోన లొటారం అంటే ఏంటో నాకు అప్పుడు అర్థమైంది.

మనలాంటి గాడ్జెట్ రివ్యూలు రాసేవాళ్ల మీద కూడా నాకు ఒక ఫిర్యాదు ఉంది, ఈ సైట్‌లో రాస్తున్నాను కాబట్టి నన్ను కూడా కలుపుకునే అంటున్నా. ఫోన్‌ని వారం వాడి రివ్యూ రాస్తే కొంత అర్థం ఉంది, కెమెరా, బ్యాటరీ, వేడెక్కడం వారంలో తెలుస్తాయి. జాయ్‌స్టిక్‌ని వారం వాడి ఇచ్చే స్టార్లు పెళ్లిచూపుల్లో వేసే మార్కుల్లాంటివి. కొత్తలో ప్రతి పొటెన్షియోమీటరూ బాగానే చదువుతుంది. తెలియాల్సింది ఎనిమిదో నెలలో. ఏడాది వాడిన వాళ్ల మాట దొరక్కపోతే కనీసం ఏ యాక్సిస్‌కి ఏ సెన్సర్ ఉందో, విడి భాగాలు కంపెనీ అమ్ముతుందో లేదో ఆ రివ్యూలో ఉండాలి. అది రాయకుండా లైట్ల రంగుల గురించి రెండు పేరాలు రాస్తే నేను ఆ ట్యాబ్ మూసేస్తా.

థ్రాటిల్ అంత ముఖ్యమా?

దీని మీద నాతో గొడవ పడేవాళ్లు ఉంటారు. పడండి. నా అభిప్రాయం ఏంటంటే, స్పేస్ గేములకి మొదట డబ్బు పెట్టాల్సింది స్టిక్ మీద. థ్రాటిల్ తర్వాత.

విమానానికి గాలి ఉంది, ఇంజిన్ ఎప్పుడూ ముందుకే తోస్తుంది, అందుకే ఒక చోట పెడితే అక్కడే నిలిచే లివర్ సరిపోతుంది. అంతరిక్షంలో ఓడ ముందుకీ వెనక్కీ, ఎడమకీ కుడికీ, పైకీ కిందకీ జరగగలదు, అది చాలక మూడు రకాలుగా తిరగగలదు. మొత్తం ఆరు. థ్రాటిల్ లివర్ అందులో ఒక్కదాన్నే చూసుకుంటుంది, మిగతావి బొటనవేలి కింద చిన్న స్టిక్‌లకీ బటన్లకీ వదిలేయాలి. స్టార్ సిటిజన్‌లో గట్టిగా పోరాడేవాళ్లలో చాలామంది ఎడమ చేతికి కూడా ఇంకో జాయ్‌స్టిక్ పెట్టుకునేది అందుకే. ముందుకి తోస్తే ఓడ ముందుకి, పక్కకి తోస్తే పక్కకి, వదిలేస్తే తోపు ఆగుతుంది. ఒకసారి అలవాటైతే చెయ్యి తనంతట తనే ఆలోచిస్తుంది.

ఎలైట్ విషయంలో మాత్రం నేను అంత గట్టిగా చెప్పను. అక్కడ ఫ్లైట్ అసిస్ట్ వేసుకుని ఆడితే థ్రాటిల్‌తో మనం పెట్టేది వేగం. ఓడ బాగా మలుపు తిరిగే నీలం గీత సగం వేగం దగ్గర ఉంటుంది, సూపర్‌క్రూజ్‌లో గమ్యం ఏడు సెకన్ల దూరంలో ఉందనగా 75 శాతానికి తగ్గిస్తే సరిగ్గా వెళ్లి ఆగుతాం. ఇలాంటివాటికి లివర్ హాయిగా ఉంటుంది. సరుకు మోసేవాడికి థ్రాటిల్, కొట్లాడేవాడికి రెండు స్టిక్‌లు, ఇంచుమించు అలా అనుకోవచ్చు. స్క్వాడ్రన్స్‌కి మామూలు హోటాస్ చాలు. ఇంకా ఏది ఆడతారో తేలని వాళ్లు మంచి స్టిక్ ఒక్కటి కొని, ఎడమ చేతిని కీబోర్డు మీద పెట్టి రెండు నెలలు ఆడండి.

ఇక కొన్నాక. పెట్టె విప్పేటప్పుడు వీడియో తీసుకోండి, మన దేశంలో రిటర్న్ అడగాలంటే అదే ఆధారం. మొదటి రోజే విండోస్‌లో రన్ తెరిచి జాయ్ డాట్ సీపీఎల్ కొడితే టెస్ట్ విండో వస్తుంది. స్టిక్‌ని నాలుగు వైపుల నుంచీ మెల్లగా వదిలి, గుర్తు ప్రతిసారీ ఒకే చోటికి వస్తుందా చూడండి. ట్విస్ట్‌ని చాలా నిదానంగా తిప్పండి, గీత నున్నగా కదలాలి, గంతులేయకూడదు. బటన్లన్నీ ఒక్కొక్కటిగా నొక్కండి. వాటంతటవే నొక్కుకుంటుంటే ముందు యూఎస్‌బీ హబ్ తీసేసి నేరుగా కంప్యూటర్‌కి పెట్టి చూడండి, కరెంటు చాలక కూడా అలా జరుగుతుంది. అప్పటికీ ఆగకపోతే రిప్లేస్‌మెంట్ గడువు దాటకముందే వెనక్కి పంపేయండి. "అలవాటైపోతుందిలే" అనుకోవద్దు, నేను అలాగే అనుకున్నా. ఇక వారంటీ ఇక్కడ చెల్లుతుందా లేదా అన్నది డబ్బు కట్టకముందు రాతపూర్వకంగా అడగాల్సిన ప్రశ్న.

కోఠి నుంచి తెచ్చిన కొత్త ముక్కని రూమ్మేట్ అతికించాడు. కొలత దగ్గర్లో ఉన్నదే గానీ అదే కాదు. మూడు వారాలు బాగా పని చేసి మళ్లీ మొదటికొచ్చింది. ఆ తర్వాత డబ్బులు కూడబెట్టుకుని అన్ని యాక్సిస్‌లకీ తాకని సెన్సర్లున్న ఒక్క స్టిక్ మాత్రం కొన్నా. ఏడాదిన్నర అవుతోంది. నెలకోసారి అదే స్క్రిప్ట్ నడుపుతా, ట్విస్ట్ ఇప్పటికీ సున్నా దాటి 0.01 కూడా కదల్లేదు. ఒక్క స్టిక్‌తోనే అందరికీ ఇలా అవుతుందని చెప్పలేను, నా లాగ్ మాత్రం ఇదీ.

తమ్ముడికి ఇదంతా ఫోన్లో చెప్పేసరికి ముప్పావు గంట పట్టింది. "అయితే లైట్లు ఉండవా అన్నా?" అన్నాడు చివర్లో. ఉండవురా అన్నా. రెండు రోజులు మాట్లాడలేదు. ఆదివారం స్క్రీన్‌షాట్ పంపాడు, స్టిక్ ఒక్కటే ఆర్డర్ పెట్టాడు. నా పాత సెట్‌లో థ్రాటిల్‌కి విడిగా యూఎస్‌బీ ఉంది, అది ఇంకా శుభ్రంగా పని చేస్తోంది. పండక్కి వెళ్లినప్పుడు ఆ అట్టపెట్టె వాడికి ఇచ్చేస్తా.