మంచుపై నిలిచిన మాట

ఆటలో గెలుపోటములు సహజమనియు, కలసికట్టుగా నిలుచుటయే ముఖ్యమనియు పాఠశాలలలో బోధింతురు. ఈ పాఠమునకు మంచి ఉదాహరణము వెదకువారు 2017లో అమెరికాలో జరిగిన మహిళల ప్రపంచ ఐస్ హాకీ పోటీలను తలచుకొనవలెను. ఆతిథ్య జట్టు సాధించిన గొప్ప విజయము ఆట మొదలు కాకమునుపే లభించెను.

ఐస్ హాకీ శీతల దేశముల క్రీడ. స్కేట్లు తొడిగి, జట్టుకు ఆరుగురు చొప్పున మంచుపై జారుచు, గట్టి రబ్బరు బిళ్ళను కర్రలతో కొట్టుచు ఆడుదురు. పురుషులకు 1930 నాటికే ప్రత్యేకముగా ప్రపంచ పోటీలు ఏర్పడినవి. స్త్రీలకు అట్టి అధికారిక పోటీలు 1990లో గాని రాలేదు. ఆ తొలి పోటీలలో ఒట్టావాలో కెనడా క్రీడాకారిణులకు గులాబి రంగు దుస్తులు తొడిగించిరి. చూపరులను రప్పించుటకు ఆట ఒక్కటియే చాలదని తలచిరి కాబోలు! వారు మాత్రము అంతిమ పోటీలో అమెరికాను 5–2 తేడాతో ఓడించి, ఆటయే చాలునని చూపిరి.

ఇరువది యేడేండ్లు గడచినను మన్ననకు తగిన వసతి రాలేదు. ఒలింపిక్ కాలమున ఆరు నెలలు, నెలకు వేయి డాలర్లు తప్ప తమకు క్రీడాసంఘమునుండి జీతము లేదని అమెరికా క్రీడాకారిణులు చెప్పిరి. న్యాయమైన ఒడంబడిక లేనిదే స్వదేశమున జరుగు ప్రపంచ పోటీలలో ఆడబోమని 2017 మార్చి 15న ప్రకటించిరి. బాలురకువలె బాలికలకును శిక్షణకు తోడ్పడవలెనని కూడ కోరిరి.

దేశము తరపున ఆడుటయే గౌరవము గదా, దానికి వెల కట్టవచ్చునా అని కొందరందురు. స్త్రీల ఆటకు ఆదాయము తక్కువ గదా అని మరికొందరందురు. గౌరవము ఆకలి తీర్చదు. నీరు పెట్టని చేనిని పంట ఏదని అడుగుట న్యాయమును కాదు.

సంఘమువారు వారి స్థానములలో ఆడుటకు ఇతరులను వెదకిరి. కళాశాలల క్రీడాకారిణులకు సైతము పిలుపు వెళ్ళెను. దేశపు జట్టులో చోటు వారిలో ఎందరికో మరల రాని అవకాశము. అయినను పలువురు నిరాకరించిరి. ఈ కథలో మిక్కిలి గొప్పవారు వీరే. పోరాడినవారికి పేరు వచ్చెను. తమ కలను వదలుకొని వారికి తోడు నిలిచినవారికి పతకము లేదు.

మార్చి 28న నాలుగేండ్ల ఒడంబడిక కుదిరెను. మూడు దినములకు మిషిగన్ రాష్ట్రమందలి ప్లిమత్‌లో అమెరికా కెనడాను 2–0తో గెలిచెను. ఏప్రిల్ 7న అంతిమ పోటీ అదనపు సమయమునకు సాగగా, హిలరీ నైట్ కొట్టిన గోలుతో 3–2గా మరల గెలిచి విజేతయయ్యెను.

అదే మార్చి నెలలో బ్యాంకాక్ నగరమున, అధికభాగము లద్దాఖ్ యువతులతో కూడిన భారత మహిళా జట్టు ఫిలిప్పీన్స్‌ను 4–3తో ఓడించి, తన మొదటి అంతర్జాతీయ విజయమును సాధించెను. విరాళములు పోగుచేసికొని పోటీలకు వెళ్ళిన జట్టు అది. ప్రతిభకు శీతల దేశములని, సంపన్న దేశములని భేదము లేదు. కొఱవడినది సాధనసంపత్తియే.

బాలిక ఆడి గెలిచిన దినమున చప్పట్లు కొట్టుట సులభము. ఆమె ఆడుటకు స్థలమును, శిక్షణను, సాధనములను ముందుగా సమకూర్చుటయే నిజమైన మన్నన. పక్కనున్నవారికి అన్యాయము జరుగునపుడు, తన లాభమును విడిచి వారివైపు నిలుచుట ఆట నేర్పవలసిన చివరి పాఠము.