చల్లటి లోయ, ఎర్ర వైన్, అడుగంటుతున్న నీరు

ఇక్కడ అమెరికాలో పెద్ద స్టోర్లలో వైన్ అరల దగ్గర 'కాసాబ్లాంకా వ్యాలీ, చిలీ' అని రాసిన పినో న్వార్ సీసాలు కనిపిస్తుంటాయి. మన ఇళ్లలో వైన్ తాగినా తాగకపోయినా, ఆ లేబుల్ వెనకున్న నీటి గొడవ మాత్రం మనకు కొత్త కాదు.

శాంటియాగోకీ పసిఫిక్ తీరానికీ మధ్య ఉన్న ఈ లోయలో 1980ల మొదట్లో పాబ్లో మొరాండే ద్రాక్ష వేశారు. హంబోల్ట్ ప్రవాహం వల్ల అక్కడ సముద్రం చల్లగా ఉంటుంది. పొద్దున పొగమంచు, మధ్యాహ్నం చల్లగాలి. అందుకే కాయ నిదానంగా పండుతుంది, పులుపు నిలుస్తుంది. పల్చటి తొక్క ఉండే పినో న్వార్‌కి సరిగ్గా ఇదే కావాలి.

కానీ ఆండీస్ మంచు కరిగిన నీళ్లు ఈ లోయకు రావు. వాన చలికాలంలోనే. వేసవంతా బోరు నీళ్లే దిక్కు. పైగా 2010 నుంచి మధ్య చిలీని ఏళ్ల తరబడి కరువు పట్టుకుంది. డ్రిప్ పెడితే ఎకరాకు నీళ్లు మిగులుతాయి, నిజమే. ఆ మిగిలిన నీటితో ఇంకో ఎకరం వేస్తే భూమిలో మిగిలేదేమీ ఉండదు.

1981 చట్టం అక్కడ నీటి హక్కుల్ని కొని అమ్ముకునే ఆస్తిగా చేసింది. 2022 సవరణ తాగునీటికి పెద్దపీట వేసి, కొత్త హక్కులకు ముప్పై ఏళ్ల గడువు పెట్టింది. పాత హక్కులకు ఆ గడువు లేదు. అసలు చిక్కు అక్కడే ఉంది. కొత్తవాళ్లను కట్టడి చేసినంత మాత్రాన, ఇప్పటికే నడుస్తున్న మోటార్లు ఆగవు కదా!

సీసా మీద ఏ ఏడాది పంటో రాస్తారు. ఎంత నీరు తోడారో కూడా రాస్తే కొనేవాళ్లు ఆలోచించుకుంటారు.