రాసిస్తే భూమి పోతదా?

మా దిక్కు భూమి కౌలుకిచ్చేటోళ్లు కాయిదం మీద సంతకమంటే జంకుతరు. 'రాసిస్తే కౌలుదారు పాలైతది' అంటరు. ఆ భయం ఉత్తగ పుట్టలే. 1950 కౌల్దారీ చట్టం రక్షిత కౌలుదారులకు హక్కులిచ్చింది. తర్వాత 38-ఇ కింద భూమి సుత వాళ్ల పేరు మీదికి ఎక్కింది. ఆ ముచ్చట తాతల కాడికెల్లి ఇండ్లల్ల నిలిచింది.

2011 చట్టం వేరే. కౌలురైతుకిచ్చే కార్డు పంట లోను లాంటి సాయాల కోసమే, దాంతోని భూమి మీద హక్కు రాదని సాఫ్ చెప్పింది. గది ఊర్లకు చేరలే. 2018ల వచ్చిన రైతుబంధు పైసలు పట్టాదారుకే పడ్డయి. రాసిస్తే అవి సుత పోతయేమోనన్న భయం తోడైంది.

అందుకే కౌలంతా నోటిమాటే. పంట మునిగితే దున్నినోని పేరు ఏ రికార్డుల ఉండదు. తమ్మీ, సెల్లె! గ్రామసభల గీ రెండు చట్టాల ఫరక్ సదివి వినిపియ్యమని ఆఫీసర్లను అడుగుండ్రి. మీ భూమి కౌలుకిస్తుంటే, ముందుగాల మీ నాయినకు మీరే చెప్పుండ్రి.