ధమనీరోగమును విటమిను వ్యాపారమును

నేడు మన పట్టణములలో ఏ మందుల దుకాణమునకు బోయినను ‘ఆంటీ ఆక్సిడెంట్’ అను పేరు ముద్రించిన సీసాలు వరుసలుగా గనుపించుచున్నవి. ఇవి సేవించినచో గుండెజబ్బు దరిజేరదని వర్తకులు చెప్పుచున్నారు. చదువుకొన్నవారును, నాలుగెకరముల మాగాణి గలవారును నమ్మి కొనుచున్నారు. ఈ మాట కేవల కల్పన యైనచో దీనిని గూర్చి వ్రాయనక్కఱలేదు. ఇందు సగము సత్యము గలదు. చిక్కంతయు ఆ సగములోనే యున్నది.

ఎల్.డి.ఎల్. అనునది రక్తములో కొలెస్టరాలును మోసికొనిపోవు సూక్ష్మమైన కొవ్వుకణిక. రక్తమున దీని పాలు హెచ్చినప్పుడు కొంత ధమని లోపలిపొరలో జొరబడి, అచ్చటనే తగుల్కొని నిలిచిపోవును. నిలువయున్న నూనె గాలి సోకి మక్కినట్లు, ఈ కొవ్వును ఆమ్లజనిచే చెడిపోవును. అయితే ఇచ్చట దానిని చెడగొట్టునది వట్టి గాలి కాదు. ధమని గోడయందలి జీవకణములే. అవి పుట్టించు తీక్ష్ణమైన ఆమ్లజని రూపములును, కొన్ని ఎంజైములును ఈ కొవ్వుపై బడి దాని స్వరూపమును మార్చివైచును.

ఈ సంగతి ఒక్కనాట తేలినది కాదు. అమెరికాలోని డల్లాసునందు బ్రౌను, గోల్డుస్టీను అను శాస్త్రజ్ఞులు (వీరికి 1985లో నోబెల్ బహుమానము వచ్చినది) 1979లో ఒక వింతను ప్రకటించిరి. శరీరమునకు కావలివారివంటి భక్షకకణములు మామూలు ఎల్.డి.ఎల్.ను అంతగా ముట్టవు. రసాయనముచే మార్పు నొందినదానిని మాత్రము ఆబగా మ్రింగును. దేహములో ఆ మార్పు చేయు వారెవరు? 1981లో డేనియల్ స్టెయిన్‌బర్గును ఆయన సహచరులును రక్తనాళపు లోపలి కణములతో ఎల్.డి.ఎల్.ను కొంతకాల ముంచి చూడగా, అది భక్షకకణములకు ప్రియమైన రూపమునకు మాఱియుండెను. ఆ మార్పు ఆమ్లజనీకరణమే యనియు, విటమిన్ ఇ చేర్చినచో అది ఆగిపోవుననియు 1984లో వెల్లడియైనది.

మామూలు ఎల్.డి.ఎల్. తనకు చాలినంత చేరగానే జీవకణము ద్వారము మూసికొనును. చెడిన కొవ్వు ప్రవేశించు ద్వారమునకు తలుపే లేదు. మ్రింగి మ్రింగి భక్షకకణము కొవ్వుబొట్లతో నిండి నురుగువలె నగును, అచ్చటనే చచ్చును. ఆ చెడిన కొవ్వే రక్తమునుండి క్రొత్త కావలివారిని రప్పించును, వారికిని అదే గతి. ఏండ్లతరబడి ఇట్లు పేరుకొన్న గుజ్జు పైపొర ఒకనాడు పగులును. రక్తము గడ్డకట్టి దారి మూసికొనిపోవును.

గాజుపళ్లెములో విటమిను ఆపినది గనుక మనుష్యునియందును ఆపునని వర్తకుని వాదము. దీనిని పరీక్షింపకపోలేదు. కేరళమున జన్మించి కెనడాలో పనిచేయుచున్న సలీం యూసఫ్ నాయకత్వమున 9,541 మందిలో సగము మందికి దినమునకు 400 యూనిట్ల విటమిన్ ఇ నాలుగేండ్లకు పైగా ఇచ్చిరి. 2000లో ఫలితము వచ్చెను. గుండెపోటు, పక్షవాతము, హృద్రోగమరణము: విటమిను పుచ్చుకొన్నవారిలో నూటికి 16.2, పుచ్చుకొననివారిలో 15.5. మేలు లేదు!

ఇంతకంటె స్పష్టమైనది ఆక్స్‌ఫర్డువారు 2002లో ప్రకటించిన పరీక్ష. అదే 20,536 మందియందు ఒకవైపు ఇ, సి, బీటా కెరోటిన్ అను విటమినులను, వేఱొకవైపు ఎల్.డి.ఎల్.ను తగ్గించు సిమ్వస్టాటిన్ మందును పరీక్షించిరి. ఐదేండ్లకు చూడగా విటమినులవలన లాభము సున్న. సిమ్వస్టాటిన్ వలన గుండెపోట్లును పక్షవాతములును సుమారు నాలుగవవంతు తగ్గినవి. ఈ జాతి మందులలో మొదటిదానిని క్యోటోలోని ధాన్యపు దుకాణపు బియ్యమునుండి తీసిన బూజులో కనుగొన్నవాడు జపాను దేశీయుడు అకిరా ఎండో. మన ఆసియావాసి బూజునుండి తీసిన మందును విడిచి రంగుసీసాల వెంట బోవుచున్నాము! సీసాపై స్వదేశి ముద్ర యున్నంతమాత్రమున లోపలి మాట నిజము గాదు.

దీనినిబట్టి ఆమ్లజనీకరణ సిద్ధాంతమే అబద్ధమని నే ననను. గోడలోపల కణములు చేయు పనిని బయటినుండి మ్రింగిన విటమిను ఆపలేకపోయినదని మాత్రమే చెప్పుచున్నాను. చెడుటకు సరుకే తక్కువైనచో చెడగొట్టువారికి పని తక్కువ. కావున రక్తపరీక్ష చేయించుకొనుట, పొగాకు మానుట, వైద్యుడు చెప్పినచో స్టాటిన్ వాడుట. ఖర్చు పెట్టవలసినది ఇచ్చట. నేతిని గూర్చిన వాదము ఇంకొకనాడు.

ఇక ప్రభుత్వపు మాట. 2006 నాటి ఆహార భద్రతా చట్టపు 53వ సెక్షను తప్పుదారి పట్టించు ప్రకటనలకు పదిలక్షల రూపాయలవఱకు జరిమానా విధింపనిచ్చుచున్నది. జిల్లా అధికారులు ఒక్కపూట మందుల బజారున నడచి, ఆ సీసాలపై వ్రాతను చదివి, రుజువు చూపుమని యడుగుదురుగాక.