కస్టమర్లకి కాలాబట్టి, మనింటికి పామాయిల్ జంతికలా?

పై వీడియోలో నూకలతో అరిసెలు, పొట్టు మినుములతో సున్నుండలు, పొయ్యి వెలిగించకుండా చిమ్మిలి చేసి చూపించాం. ఘనజీవామృతం, కషాయాలు చూపించే చోట వంటలేంటి అని కొందరికి అనిపించవచ్చు. నా లెక్కలో ఇది కూడా వ్యవసాయం సంగతే. ఎందుకో చెప్తాను, తర్వాత ఒప్పుకోవడం మానడం మీ ఇష్టం.

మాది కృష్ణా డెల్టా. అగ్రికల్చర్ డిప్లొమా చేసి, కొన్నాళ్లు ఉద్యోగం చేసి, ఇప్పుడు మా పొలంలో దేశవాళీ వరి వేస్తూ నేరుగా ఇళ్లకి బియ్యం పంపిస్తున్నాను. డిసెంబరు సగం నుంచి సంక్రాంతి ముందు రోజు దాకా ఫోన్ మోగుతూనే ఉంటుంది. అరిసెలకి ఏ బియ్యమండీ, పొంగలికి ఏ బియ్యమండీ అని. కాలాబట్టి కావాలి, బహురూపి కావాలి, మైసూర్ మల్లిగ ఉందా అని. హైదరాబాదు, బెంగళూరు వాళ్లు మన బియ్యం కొనుక్కుని ఇంట్లో పిండి వంట చేసుకుంటున్నారు. చాలా సంతోషం.

అదే వారంలో మన ఊళ్లలో ఏం జరుగుతోందో చూడండి. ఆ బియ్యం పండించిన ఇంటికి టౌన్ నుంచి జంతికలు, చేగోడీలు, లడ్లు ప్యాకెట్లలో వస్తున్నాయి. ప్యాకెట్ వెనక్కి తిప్పి చిన్న అక్షరాలు చదవండి. చాలా వాటి మీద పామోలిన్ నూనె అనే ఉంటుంది. మన దేశం వాడే వంట నూనెలో సగానికి పైగా బయటి నుంచి వచ్చేదే. మనం గట్ల మీద నువ్వులు వేస్తాం, మెరక చేలో వేరుశనగ వేస్తాం, రెండూ వ్యాపారికి తూచి ఇచ్చేస్తాం. పండక్కి పిల్లలకి మాత్రం ఎక్కడి నూనెలోనో వేగినవి పెడతాం.

తెలిసిన రైతు ఇంట్లో ఒక పాప, వరండాలో ఉన్న బస్తా చూపించి "అది కస్టమర్ల బియ్యం, మనవి లోపల ఉన్నాయి" అని తన స్నేహితురాలికి చెప్తుంటే విన్నాను. లోపల ఉన్నవి రేషన్ బియ్యం. రేషన్ బియ్యాన్ని నేను తక్కువ చెయ్యడం లేదు, ఎన్నో ఇళ్లకి అదే ఆధారం. కానీ ఆ పాప పెద్దయ్యాక ప్రకృతి వ్యవసాయం అంటే ఏమని గుర్తు పెట్టుకుంటుంది? ఊళ్లో వాళ్లు తినడానికి కాదు, బయట వాళ్లకి అమ్ముకోడానికి అని. అలా అనుకున్న పిల్లలు రేపు ఈ పొలం చేస్తారంటే నాకు నమ్మకం లేదు.

దీనికి ఆడవాళ్ల బద్ధకం కారణం అనే మాట మాత్రం నా ముందు అనకండి. డెల్టాలో సంక్రాంతి నాటికి పని ఎలా ఉంటుందో మీకు తెలుసు. వరి ఇంటికి వచ్చి ఉంటుంది, ఆరబెట్టాలి, తూర్పార పట్టాలి, విత్తనానికి వేరు చేసి పెట్టాలి. పైర మినుము పూతకి వస్తూ ఉంటుంది, పురుగు చూడాలి, నీమాస్త్రం కొట్టాలి. మందు డబ్బా కొనుక్కొచ్చి నీళ్లలో కలిపి కొట్టేసేవాళ్లకి ఒక పూట పని. మనకి పేడ ఎత్తాలి, మూత్రం పట్టాలి, ఆకు కొయ్యాలి, రుబ్బాలి, ఊరబెట్టాలి, వడకట్టాలి. ఒక డ్రమ్ము ద్రవజీవామృతానికే 10 కిలోల పేడ, 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి, పైన 200 లీటర్ల నీళ్లు. ఇందులో ఎక్కువ పని ఎవరు చేస్తున్నారో ప్రతి ఊళ్లో కళ్లతో చూస్తున్నదే. ఆ పని అయ్యాక, బియ్యం ప్యాకింగ్ కూడా అయ్యాక, రాత్రి ఎనిమిదింటికి "అరిసెలకి పాకం పెట్టవా" అంటే ఎవరికి ఓపిక ఉంటుంది?

పెద్దవాళ్లేమో ఏడు రకాలు లేకపోతే పండగ కాదంటారు. అరిసెలు, బూరెలు, జంతికలు, చక్కిలాలు, గవ్వలు, లడ్లు, సున్నుండలు, అన్నీ డబ్బాల నిండా ఉండాలి. కుర్రవాళ్లేమో ఈ రోజుల్లో ఎవరు చేస్తారు, ఫోన్‌లో ఆర్డర్ పెట్టు అంటారు. నాకు రెండూ నచ్చవు. ఏడు రకాలు చేసిన రోజుల్లో ఒక్కో ఇంట్లో నలుగురైదుగురు ఆడవాళ్లు ఉండేవాళ్లు, ఇప్పుడు ఒకరో ఇద్దరో. ఇక ఆర్డర్ సంగతి పైన చెప్పాను.

నా మాట ఒకటే. మూడు రకాలు చాలు. అందులో నూనెలో వేగేది ఒక్కటే. మూడూ మన చేలో పండిన వాటితో. చెయ్యడం మాత్రం ఇంటిల్లిపాదీ.

ముందు నూకల సంగతి చెప్తాను, ఎందుకంటే దీని మీదే మా ఇంట్లో పెద్ద వాదన జరిగింది. దేశవాళీ బియ్యం ఊళ్లో చిన్న మిల్లులో ఆడిస్తే నూక ఎక్కువే వస్తుంది. గింజ పొడుగుగా, సన్నగా ఉన్న రకాల్లో మరీ. కస్టమర్ నూక తీసుకోడు, వ్యాపారికి ఇస్తే బియ్యం ధరలో సగం కూడా రాదు. చాలామంది కోళ్లకో, దాణాలోకో పోసేస్తున్నారు. అరిసెకి కావలసింది పిండి. పిండి అయ్యాక అది నిండు గింజో విరిగిన గింజో ఎవరు చెప్పగలరు? రసాయనం వెయ్యని పొలంలో పండినది, అదే రుచి, అదే రంగు. మా అత్తయ్య మొదట ఒప్పుకోలేదు. "పండక్కి నూకలతో అరిసెలేంటే, ఎవరైనా వింటే నవ్విపోతారు" అన్నారు. చేసి చేతిలో పెట్టాక ఇంకోటి అడిగి తీసుకున్నారు. నవ్వేవాళ్లు నవ్వనివ్వండి అన్నారు కూడా.

చెయ్యడం వీడియోలో వివరంగా ఉంది కాబట్టి ఇక్కడ చెడిపోయే చోట్లు మాత్రం చెప్తాను. నూకల్లో మట్టి బెడ్డలు ఉంటాయి, రెండుసార్లు గాలించాలి. నిండు బియ్యం లాగా రోజంతా నానక్కర్లేదు, రాత్రి పోసి పొద్దున వార్చేస్తే సరిపోతుంది. పిండి తడిగానే ఉండాలి. మర ఆడించి తెచ్చి ఫ్యాన్ కింద పెట్టి మరిచిపోతే పిండి ఆరిపోతుంది, ఆ అరిసె నూనెలో విడిపోతుంది. అందుకే పిండి పట్టించి జల్లించగానే గిన్నెలో అదిమి, తడిగుడ్డ కప్పాలి. కిలో నూకలకి ముప్పావు కిలో బెల్లం మాకు సరిపోతోంది. పాకం చిన్న చుక్క నీళ్లలో వేస్తే వేళ్లకి ఉండ కట్టాలి, అప్పుడు దింపి పిండి పోస్తూ కలపాలి. ఒక్క పాలిష్ పట్టిన బియ్యం నూకలు బాగుంటాయి. పూర్తిగా దంపుడువైతే తవుడులో ఉండే నూనె వల్ల పిండి త్వరగా ముక్క వాసన వేస్తుంది, పట్టించిన రోజే వాడెయ్యాలి. కాలాబట్టితో చేస్తే అరిసె నల్లగా వస్తుంది. మాడిందేమో అని చుట్టాలు అనుమానంగా చూస్తారు, ముందే చెప్పి పెట్టండి.

సున్నుండలకి డెల్టాలో వేరే ప్రచారం అక్కర్లేదు. కనుమ నాడు మినుము తినాలని మన పెద్దలే పెట్టారు కదా. పైర మినుము అమ్మేటప్పుడు పదిహేను ఇరవై కిలోలు పక్కన పెట్టుకుంటే ఏడాదంతా ఇడ్లీకి, గారెకి, సున్నికి సరిపోతాయి. పొట్టు తియ్యకుండా సన్న సెగ మీద కమ్మటి వాసన వచ్చేదాకా వేయించడం, గుప్పెడు బియ్యం కలిపి మర పట్టించడం, బెల్లం కోరు, వేడి నెయ్యి పోసి ఉండ కట్టడం. నాటు ఆవు ఉన్న ఇంట్లో నెయ్యి కూడా మనదే. ఆ పిండి పొడిగా డబ్బాలో పెట్టుకుంటే పండగ అయ్యాక కూడా కావలసినప్పుడు పిల్లలకి రెండు ఉండలు చుట్టి ఇవ్వొచ్చు. బడి నుంచి వచ్చేసరికి నేను చేలో ఉంటాను కాబట్టి మా ఇంట్లో బిస్కెట్ ప్యాకెట్ పని ఆ డబ్బానే చేస్తోంది.

చిమ్మిలి అయితే చెప్పడానికే ఏమీ లేదు. కడిగి ఆరబెట్టిన నువ్వులు, బెల్లం, రోలు. నూనె తేలి ముద్ద అయ్యేదాకా దంచి ఉండలు చెయ్యడమే. రోలు లేకపోతే మిక్సీలో ఆపి ఆపి తిప్పండి, ఒక్కసారిగా తిప్పితే వేడెక్కిపోతుంది. పొయ్యి లేదు, నూనె లేదు, అరగంట పని. నాగుల చవితికే ఇది చెయ్యాలని ఎక్కడా రాసి లేదు.

బెల్లం గురించి ఒక్క మాట, ఇది నాకు ఎప్పుడూ వింతగా ఉంటుంది. జీవామృతంలోకి మందు కలవని నల్లబెల్లం కావాలని ఊళ్లు తిరిగి తెస్తాం, సూక్ష్మజీవులు చచ్చిపోతాయని. పిల్లలు తినే అరిసెలోకి మాత్రం బంగారంలా మెరిసే బెల్లం ఏరి కొంటాం. ఆ మెరుపు కోసం బెల్లం వండేటప్పుడు హైడ్రోస్ వేస్తారని మన రైతులందరికీ తెలుసు. డ్రమ్ములో సూక్ష్మజీవికి ఇచ్చిన మర్యాద పిల్లాడి కడుపుకి కూడా ఇవ్వండి. నల్లబెల్లంలో నలకలు ఎక్కువ ఉంటాయి, కరిగించి వడకడితే అంతే.

ఇంకో విషయం, మనలో కొందరికి నచ్చకపోవచ్చు. దేశవాళీ బియ్యం అరిసె తింటే షుగర్ రాదు, ఎంతైనా తినొచ్చు అని ప్రచారం చేస్తున్నారు. దయచేసి మానండి. బెల్లం పాకంలో కలిపి నూనెలో వేయించినది ఏ బియ్యంతో చేసినా తీపే. షుగర్ ఉన్న మామయ్యకి ఒకటి చాలు. 2023ని అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరం అన్నాక కొర్ర లడ్డు, సామ లడ్డు అన్నీ మందులే అన్నట్టు లేబుళ్లు వచ్చాయి. మన మీద నమ్మకంతో కొనేవాళ్లకి నిజం చెప్పి అమ్మితేనే వచ్చే ఏడు మళ్లీ ఫోన్ చేస్తారు.

ఇప్పుడు మగవాళ్లకి. అరిసెల్లో కండ పని రెండు చోట్ల. పాకంలో పిండి కలిపేటప్పుడు, చెక్కల మధ్య నూనె ఒత్తేటప్పుడు. డ్రమ్ములో 200 లీటర్ల జీవామృతం కర్రతో తిప్పే చేతికి మూడు కిలోల పిండి తిప్పడం లెక్కా? మా ఆయన తిప్పుతారు, మా మరిది ఒత్తుతాడు. మొదటి ఏడు వీధిలో వాళ్లు తొంగి చూశారు, తర్వాత ఎవరూ పట్టించుకోలేదు. మా తోడికోడలు, నేను, పక్కింటి పిన్ని కలిసి మూడిళ్లకీ ఒకే రోజు, ఒకే మూకుడులో చేసేస్తాం. నూనె ఒకసారి కాగుతుంది, కట్టెలు కలిసొస్తాయి, మధ్యాహ్నానికి డబ్బాలు నిండుతాయి. సాయంత్రం మళ్లీ ప్యాకింగ్‌కి కూర్చుంటాం.

నూనె కూడా అంతే. రెండున్నర మూడు కిలోల పప్పు గానుగలో వేస్తే లీటరు వేరుశనగ నూనె వస్తుంది. ఒక్క రకమే వేయిస్తాం కాబట్టి మూడిళ్లకీ కలిపి మూడు నాలుగు లీటర్లతో అయిపోతుంది. ఏడు రకాలు పెట్టుకున్నప్పుడే గానుగ నూనె ఖరీదు భారంగా కనపడుతుంది, పామాయిల్ డబ్బా గుర్తొస్తుంది.

ఇవన్నీ జరగాలంటే ధాన్యం కళ్లంలో ఉన్నప్పుడే ఇంటి వాటా తీసి లోపల పెట్టాలి. అమ్మాక మిగిలినవి చూద్దాం అంటే ఏమీ మిగలవు, నేను చాలా ఇళ్లలో చూశాను. అన్నానికి ఎన్ని బస్తాలో మీ ఇంటి మనుషుల్ని బట్టి లెక్కేసుకోండి. నూకలు మొత్తం ఇంటివే. పండగ అయ్యాక మిగిలినవాటితో మా దగ్గర ఉప్పుడు పిండి చేస్తాం. పెసరపప్పు, కరివేపాకు, ఇంగువ వేసి, అడుగు కొంచెం మాడనిచ్చి. కషాయం కొట్టే రోజు పొద్దున్నే అది చేసి గిన్నెతో చేలోకి తీసుకెళ్తే మధ్యాహ్నం దాకా చింత లేదు. పిల్లలు ఆ మాడు కోసం కొట్టుకుంటారు.

పిండి వంటలు చేసి అమ్ముదామనుకునే అక్కచెల్లెళ్లు కూడా అడుగుతున్నారు. మంచిదే. ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషన్ చేయించుకోండి, లేబుల్ మీద ఏ రోజు చేశారో, ఏ నూనెలో వేయించారో రాయండి. ధర వేసేటప్పుడు బియ్యం, బెల్లం, నూనె, కట్టెలతో పాటు మీ కూలి కూడా కలపండి. పొలంలో రోజు కూలి ఎంతో అంత. అది కలిపితే ధర ఎక్కువైపోతుందని భయపడి సున్నా వేస్తున్నారు, దాంతో మీ వెన్నునొప్పి ఉచితంగా పోతోంది. మొదటి డబ్బా మాత్రం మీ ఇంట్లోకే వెళ్లాలి.

మా మినుముకి రెండో పిచికారీ భోగికి రెండు రోజుల ముందు పడుతోంది. అందుకని అరిసెలు ఆ ముందు ఆదివారమే పెట్టుకున్నాం. తెలంగాణ నుంచి చూసేవాళ్లు సకినాలకి నూక పిండి వాడారా, చుట్టేటప్పుడు తెగకుండా వచ్చిందా కింద రాయండి. మా తోడికోడలు ఈసారి అవి కూడా ప్రయత్నిస్తానంటోంది, నాలుగో రకం వద్దని నేనంటున్నాను.