బడికొక తక్కెడ

వానకై నింగివంక చూచి చూచి, ఎఱ్ఱనేలనుండి పెరికి, ఎండబోసి, గోనెలకెత్తి మన కర్ణాటకపు పావగడకు తెచ్చిన శెనక్కాయలు కాటామీది కెక్కినప్పుడు రైతు కన్నులు నిలుచునది అచ్చట వెలుగు అంకెలమీదనే. ఆ అంకెలు దేనిని చెప్పుచున్నవని మన పిల్లలనడిగిన బరువునని యందురు. ఆ యొక్క మాటలో రెండు వేర్వేరు సంగతులు ముడివడియున్నవని కన్నులకు కట్టునట్లు చూపువారు అరుదు.

మూటలోనున్న పదార్థపు పరిమాణము ద్రవ్యరాశి. భూమి దానిని తనవైపునకు లాగు బలము భారము. మొదటిది ఎచ్చటికి కొనిపోయినను మారదు. రెండవది చోటునుబట్టి మారును. ధ్రువములకడ కొంత అణగి, ఎడతెగక తిరుగుచుండు మన భూమిమీద ఆకర్షణ భూమధ్యరేఖయొద్ద తక్కువ, ధ్రువములయొద్ద ఎక్కువ. 1672లో రిషే యను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దక్షిణ అమెరికాలోని కయెన్‌లో పరిశీలింపగా, ప్యారిస్‌లో సరిగా నడచిన లోలకపు గడియారము దినమునకు రెండున్నర నిమిషములు వెనుకబడెను.

అంత దూరమేల? ఢిల్లీలో సరిచేసిన స్ప్రింగు కాటాను ఉన్నదున్నట్లే పావగడకు తెచ్చి క్వింటాలు కాయలు తూచినచో, నా లెక్కకు దాదాపు 100 గ్రాములు తక్కువ చూపును. కాయ ఒక్కటియు తగ్గలేదు, తగ్గినది లాగుడు. నేటి ఎలక్ట్రానిక్ కాటాయు లోపలి లోహము వంగుటనుబట్టియే అంకె చెప్పునది గనుక, తూనికల అధికారి ప్రమాణపు రాళ్లను పెట్టి ఈ నేలమీదనే సరిచూచి ముద్రవేయుట అత్యవసరము.

పాత తక్కెడకు ఈ బాధ లేదు. రెండు సిబ్బెలను భూమి ఒక్కతీరుననే లాగును గావున, అది పడికట్టు రాళ్లతో పోల్చునది ద్రవ్యరాశినే. 2023 ఆగస్టు 23న చంద్రునిపై దిగిన చంద్రయాన్-3లోని ప్రజ్ఞాన్ రోవరు, 26 కిలోలది, లాగుడు తక్కువైన అచ్చట స్ప్రింగు కాటాకు వ్రేలాడిన నాలుగు కిలోలకు కొంచెము పైగా తూగును. తక్కెడలోనైన 26 కిలోలే.

ఇంట తెలుగాడి బడిలో కన్నడము చదువు మన పిల్లలకు రెండు భాషలలోను ద్రవ్యరాశి యొక్కటే మాట; మాట కంఠస్థమైనంతనే భావము చిక్కదు. తక్కెడయు స్ప్రింగు కాటాయు ప్రక్కప్రక్కన వ్రేలాడదీసి, ఒకే శెనక్కాయల సంచిని రెంటను తూపించుడు. అంగళ్లలో మూలబడిన తక్కెడలను పాత ఇనుమునకు వేయకమునుపే, ఊరి బడికి ఒక్కొక్కటి చేర్చుడని వర్తకులను వేడుచున్నాను.