పురిటి గదికి ఏ రంగు?

ప్రశ్న: మా అమ్మాయికి ఏడో నెల. తొలి కాన్పు. సీమంతం చేసి పురిటికి తీసుకువస్తున్నాము. ఇల్లు మా మామగారు కట్టించినది, నలభై ఏళ్ళు దాటింది. ఈలోగా తలుపులూ, కిటికీలూ గీకించి గదులన్నిటికీ రంగులు వేయించాలని అనుకుంటున్నాము. అమ్మాయికి నెమలికంఠం రంగు ఇష్టం. దుకాణంలో దానినే 'టీల్' అంటున్నారు. చల్లని రంగు గనుక బాలింతకు మంచిదని ఒకరు, ఆ చలువకు బిడ్డకు పడిశం పడుతుందని మరొకరు అంటున్నారు. ఇంట్లో ఎనభై ఏళ్ళ మా అత్తగారు, మూడేళ్ళ మనవడు కూడా ఉన్నారు. ఆ రంగు వేయించవచ్చునా? – ఒక సోదరి, గుంటూరు జిల్లా.

జవాబు: సోదరీ, రంగును గురించి మీరు వివరంగా వ్రాశారు. తలుపులు గీకించడాన్ని ఒక్క మాటతో సరిపెట్టారు. డాక్టరుగా నాకు ఆ ఒక్క మాటే ఎక్కువ ముఖ్యమనిపించింది. అయినా మీరు అడిగిన వరుసలోనే చెబుతాను.

రంగు మందు కాదు

గోడకు వేసిన రంగు ఒంటికి చలువా చేయదు, వేడీ చేయదు. పడిశం సూక్ష్మక్రిముల వల్ల వస్తుంది గాని నీలం వల్లనో, పచ్చ వల్లనో రాదు. ఆ రంగు కంటికి హాయిగా ఉంటుందంటే ఒప్పుకుంటాను. మా ఆపరేషన్ థియేటరులో గుడ్డలు నీలంగానో, పచ్చగానో ఉండడం మీరు చూచే ఉంటారు. పూర్వం అవి తెల్లగా ఉండేవి. ఎర్రని రక్తాన్ని చాలాసేపు చూచిన కన్ను తెల్లని గుడ్డ మీదికి మళ్ళితే అక్కడ పచ్చని మచ్చలు కదిలినట్లు కనిపిస్తాయి. అమెరికాలో శాన్ ఫ్రాన్సిస్కో నగరానికి చెందిన హారీ షెర్మన్ అనే సర్జను 1914లో పాలకూర వంటి పచ్చరంగును థియేటరుకు తెచ్చాడు. తరువాత ఆ పద్ధతి ప్రపంచమంతా పాకింది. అది కంటి సౌకర్యం కోసం, రోగం కుదర్చడానికి కాదు.

హాలుకు వేసుకోండి. మీ పడకగదికి వేసుకోండి. పురిటి గదికి మాత్రం వద్దంటాను.

పురిటి గదికి ఎందుకు వద్దు?

నెలలు నిండి పుట్టిన బిడ్డలలో కూడా సగానికి పైగా రెండో రోజునో, మూడో రోజునో కాస్త పచ్చబడతారు. వీరిలో చాలామందికి ఆ పచ్చదనం దానంతట అదే తగ్గిపోతుంది. కొందరిలో మాత్రం కామెర్లు ముదురుతాయి. ఆ పసుపు పదార్థం మెదడుకు చేరిందంటే చెవుడు రావచ్చు, కాళ్ళూ చేతులూ స్వాధీనం తప్పవచ్చు, ప్రాణమే పోవచ్చు. సకాలంలో చూస్తే ఇంత సులువుగా తప్పించగల ఆపద మరొకటి లేదు. కాని చూడాలి గదా! ముదురు నెమలికంఠం రంగు గోడల నుండి వచ్చే వెలుతురు బిడ్డ ఒంటి మీద పడితే పసుపు ఛాయ మరుగున పడిపోతుంది. పెదవులు నీలిబారినా అది గోడ ఛాయే అనుకుంటారు.

కనుక పురిటి గదికి తెలుపుగాని, లేత మీగడ రంగుగాని వేయించండి. మనవాళ్ళకు పురిటి గది కిటికీలు మూసి, చీకటి చేసే అలవాటు ఉంది. అది మానండి. గాలి విసురుగా తగలకుండా చూస్తే చాలు, వెలుతురు రానివ్వండి. రోజుకొకసారి బిడ్డను కిటికీ దగ్గరకు తెచ్చి, పగటి వెలుతురులో నుదురు మీద, రొమ్ము మీద వ్రేలితో మెల్లగా నొక్కి వదలండి. నొక్కిన చోట చర్మం పసుపుగా ఉంటే కామెర్లే. మొదటి 24 గంటలలోనే పచ్చబడినా, అరచేతులూ అరికాళ్ళూ పచ్చబడినా, బిడ్డ పాలు త్రాగక మగతగా పడి ఉన్నా, ఏ వేళయినా సరే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. అక్కడ నీలి దీపం క్రింద ఉంచి నయం చేస్తారు. ఆ దీపం నీలం గనుక నీలం గోడ కూడా పని చేస్తుందనుకోకండి. ఉదయపు ఎండలో పడుకోబెడితే చాలునని కాలయాపన కూడా చేయకండి.

అత్తగారి గది

వయసుతో పాటు కంటిలోని కటకం పసుపుబారుతుంది, కంటిపాప చిన్నదవుతుంది. ఇరవై ఏళ్ళ వయసులో కంటి లోపలికి చేరే వెలుతురులో అరవై ఏళ్ళకు దాదాపు మూడోవంతే చేరుతుంది. నీలానికీ పచ్చకూ తేడా తెలియదు, ముదురు నీలం నలుపుగా కనిపిస్తుంది. అందుచేత అత్తగారి గదికీ, స్నానాల గదికి పోయే దారికీ లేత రంగు వేయించండి. నెమలికంఠం రంగు మీద అంత మోజుంటే ఆ గది తలుపుకు వేయించండి. తెల్లని గోడలో ముదురు తలుపు పెద్దవారికి బాగా ఆనుతుంది. మెట్ల అంచులకూ గడపకూ పసుపు పట్టీ వేయిస్తే మరీ మంచిది. ఈ వయసులో రాత్రివేళ కాలు తట్టుకుని పడితే తుంటి ఎముక విరిగి మంచాన పడతారు.

అసలు భయం పాత రంగులో ఉంది

ఇక తలుపుల సంగతి. నేడు దుకాణంలో దొరికే నెమలికంఠం రంగులకు సాధారణంగా థాలోసయనిన్ అనే వర్ణకాలు వాడతారు. వాటితో పెద్ద చిక్కు లేదు. మీ మామగారి రోజులలో కిటికీ చువ్వలకూ తలుపులకూ వేసిన ఆకుపచ్చ ఎనామెల్ సంగతి అలా కాదు. పసుపుపచ్చని లెడ్ క్రోమేటునూ, ప్రష్యన్ బ్లూ అనే నీలాన్నీ కలిపి ఆ పచ్చదనాన్ని తెచ్చేవారు. లెడ్ అంటే సీసం. త్వరగా ఆరడానికి కూడా రంగులో సీసపు లవణాలు కలిపేవారు.

మన దేశంలో ఇళ్ళ రంగులలో సీసం 90 పీపీఎం, అనగా పది లక్షల భాగాలలో 90 భాగాలు, మించరాదని 2016లో నిబంధన చేసి, 2017 నవంబరు 1 నుండి అమలుకు తెచ్చారు. అంతకు ముందటి ఎనామెల్ రంగులో సీసం ఉన్నదనే అనుకుని జాగ్రత్త పడడం మేలు.

ఈ ప్రమాదం కొత్తగా కనిపెట్టినది కాదు. ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్ నగరంలో పిల్లలకు సీసపు విషం ఎక్కడి నుండి ఎక్కుతున్నదో చాలాకాలం తెలియలేదు. లాక్‌హార్ట్ గిబ్సన్ అనే కంటి డాక్టరు 1904లో ఆ గుట్టు విప్పాడు. వరండా కటకటాలకు వేసిన రంగు ఎండకు పొడిపొడిగా రాలుతుంది. పిల్లలు వాటిని పట్టుకుని ఆడుకుని, అవే వ్రేళ్ళు నోట్లో పెట్టుకుంటారు. ఆ రాష్ట్రంలో 1922లో పిల్లలకు అందే చోట సీసపు రంగు వేయడాన్ని నిషేధించారు. మన కిటికీ చువ్వలు పట్టుకుని వీధిలోకి చూచే పిల్లలను తలచుకోండి, సంగతి మీకే బోధపడుతుంది.

సీసాన్ని మన శరీరం సున్నపు ధాతువు, అనగా కాల్షియం, అనుకుని ఎముకలలో దాచుకుంటుంది. గర్భిణి ఎముకల నుండి బిడ్డకు కాల్షియం పోయేటప్పుడు సీసం కూడా పోతుంది. మాయ దానిని ఆపలేదు. గర్భస్రావం, నెలలు నిండని కాన్పు, బరువు తక్కువ బిడ్డ – ఇవి దాని ఫలితాలు. చిన్నపిల్లల కడుపులోకి పోయిన సీసం పెద్దలలో కంటె నాలుగైదు రెట్లు ఎక్కువగా ఒంటికి పడుతుంది. రక్తం తగ్గుతుంది, కడుపునొప్పి, మలబద్ధకం వస్తాయి, చిరాకు పెరుగుతుంది. చాలామందిలో ఇవేవీ బయటపడవు. బడిలో వెనుకబడతాడు, 'మొద్దు' అనిపించుకుంటాడు. అలా పోయిన తెలివి మందులతో తిరిగి రాదు.

గీకించే ముందు

పాత రంగు పెచ్చులు లేవకుండా గట్టిగా ఉంటే గీకించనే వద్దు. తడిగుడ్డతో తుడిచి, దాని మీదనే కొత్త రంగు వేయించండి. క్రింద ఉన్నది క్రిందనే ఉండిపోతుంది.

పెచ్చులు లేచిన చోట గీకక తప్పదు. అయితే ఆ పని అమ్మాయి రాకముందే పూర్తి కావాలి. మనవడిని కూడా ఆ నాలుగు రోజులు మరొకరింట ఉంచండి. బియ్యం, నీళ్ళు, పక్కబట్టలు ఆ గదిలో ఉంచకండి. నేల మీద ప్లాస్టిక్ పట్టా పరిపించండి. నీళ్ళు చల్లి, తడిమీదనే గీకమనండి. పొడిగా సాండ్‌పేపరు పట్టించడం, మంటతో కాల్చి ఊడదీయడం బొత్తిగా పనికిరావు. సాయంత్రం చీపురుతో ఊడిస్తే ఆ దుమ్ము ఇల్లంతా పరుచుకుంటుంది. తడిగుడ్డతో రెండుసార్లు తుడవాలి. ఆ పెచ్చులను మూటకట్టి పారవేయండి, పెరట్లో పోయవద్దు. పెయింటరు సంగతి కూడా చూడండి. ముక్కుకు మంచి మాస్కు ఇవ్వండి, సబ్బుతో చేతులు కడుక్కున్నాకనే అన్నం తినమనండి, బట్టలు మార్చుకుని ఇంటికి వెళ్ళమనండి. అతని ఇంట్లోనూ పిల్లలుంటారు.

అంత వ్యవధి లేదంటారా? గీకించడం వాయిదా వేయండి. పసిబిడ్డ ఇంట్లో ఉండగా కూడా వద్దు. తల్లీబిడ్డలు అత్తవారింటికి వెళ్ళిన తరువాత తీరికగా చేయించుకోండి. కడుపుతో ఉన్న పిల్ల ఇంట్లో ఉండగా ఇంటిపని పెట్టుకోకూడదని మన పెద్దలన్న మాటను ఈ విషయంలో మీరు పాటించినా తప్పు లేదు.

గోడలకు నీటితో కలిపే ఎమల్షన్ రంగులు వాడండి, వాసన తక్కువ. డబ్బా మీద సీసం గురించి ఏమి వ్రాశారో చదివి కొనండి. అటక మీద మిగిలిన పాత డబ్బాలు తీయకండి. కాన్పుకు మూడు నాలుగు వారాల ముందే పని ముగించి, కిటికీలు తెరచి ఉంచండి. ఉబ్బసం ఉన్నవారికి ఆ వాసన అసలు పడదు. గోడ చెమ్మగిల్లి ఉంటే ముందు ఆ నీరు వచ్చే చోటు బాగుచేయించండి. చెమ్మ మీద వేసిన రంగు నిలవదు, దాని వెనుక పెరిగే బూజు ఆయాసాన్ని తెస్తుంది.

మనవడి మాట

మూడేళ్ళ మనవడు ఇప్పటికే ఆ ఇంట్లో తిరుగుతున్నాడు గనుక ఒక ప్రశ్న నేనే అడుగుతాను. వాడికి మన్ను, సున్నం, రంగు పెచ్చులు తినే అలవాటున్నదా? ఉంటే రక్తంలో సీసం పరీక్ష చేయించండి. డెసిలీటరు రక్తంలో 5 మైక్రోగ్రాములు గాని, అంతకు మించిగాని ఉంటే అది ఎక్కడి నుండి వస్తున్నదో వెతికి ఆపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. మోతాదు బాగా ఎక్కువైతే సీసాన్ని బయటకు పంపే మందులున్నాయి. అవి ఆసుపత్రిలో వైద్యుని కనుసన్నలలో వాడవలసినవి. ఇంట్లో మీరు చేయగలిగినది తిండికి ముందు చేతులు కడిగించడం, పాలు, రాగిజావ, ఆకుకూర, గుడ్డు పెట్టడం. ఇనుము, కాల్షియం తక్కువైన ఒంటికి సీసం ఎక్కువగా పడుతుంది. మీ అమ్మాయికి ఆసుపత్రిలో ఇచ్చే ఇనుము, కాల్షియం బిళ్ళలను మానిపించకండి.

నెమలికంఠం రంగు హాలుకు నిక్షేపంగా వేయించుకోండి. పురిటి గది తెల్లగా, అత్తగారి గది వెలుతురుగా ఉండనివ్వండి. పాత తలుపుల జోలికి మాత్రం తొందరపడి పోకండి. మీ అమ్మాయికి సుఖప్రసవం కావాలని కోరుతున్నాను.